పన్నెండో మాత్ర

బీరువాలో చీరల కింద చేయి పెట్టి చూసింది భవిత. లేదు. చీరలన్నీ మంచం మీద కుప్ప పోసింది. డ్యూటీ బ్యాగు బోర్లించింది. పాప బట్టల మూట విప్పింది. పిడికిట్లో పట్టేంత తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఎక్కడా లేదు.

గడియారం తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. పదకొండు రోజులుగా ఆమె పొద్దున తొమ్మిదింటికి ఒక మాత్ర మింగుతోంది. ఈ రోజు మింగాల్సింది పన్నెండోది. మొత్తం ఇరవై ఎనిమిది. మధ్యలో ఒక్కటి కూడా తప్పకూడదు.

వరండాలో పాప మూలుగుతోంది. ఏడ్చి ఏడ్చి ఏడుపు అయిపోయాక మిగిలే మూలుగు అది. పదకొండు నెలల వర్షకు రుక్కమ్మ చెంచాతో ప్యాకెట్ పాలు పోస్తోంది. పోసిన పాలు పోసినట్టే గదవ మీదుగా జారి గౌనులోకి పోతున్నాయి.

"ఏం దేవులాడుతున్నవే?" తల తిప్పకుండానే అడిగింది అత్త.

"ఏం లే అత్తమ్మా. నా సామాను."

"తెల్ల డబ్బనా?"

భవిత గుమ్మంలోనే ఆగిపోయింది.

"బాలేష్ పట్టుకపోయిండు. నేనే ఇచ్చిన. మేడ్చల్ల లింగం మెడికల్ షాపు కాడ అడుగు, గివి దేని మాత్రలో తెలుసుకొని రాపో అన్న. నువ్వైతె నోరు ఇప్పవు. దుకాణపోడన్న ఇప్పుతడు గదా."

"నా బీరువల చెయ్యెందుకు వెట్టినవ్ అత్తమ్మా?"

"బీరువా నీదే. ఇల్లు నాది."

చెంచా గిన్నెలో పడేసింది రుక్కమ్మ. పాపను భుజానికి ఎత్తుకుని కోడలి వైపు తిరిగింది.

"కూసో. నేను నలుగుర్ని గన్నదాన్ని. నాకు కండ్లు లేవనుకుంటున్నవా? పొద్దున లేస్తె బాత్రూంల ఓకరిస్తవ్. తిన్నది కడుపుల నిలుస్తలేదు. చంటిపిల్లకు పాలు బంద్ వెట్టినవ్. దొంగసాటున మాత్రలు మింగుతున్నవ్. నెల తప్పినవ్. తీసేసుకుంటున్నవ్. అవునా కాదా?"

భవితకు నవ్వు వచ్చినంత పనైంది. ఎంత చక్కగా లెక్క కట్టింది ఈ ముసలామె. గుర్తులన్నీ సరైనవే. వాంతులు నిజం. పాలు ఆపడం నిజం. మాత్రలు నిజం. వచ్చిన జవాబు ఒక్కటే తప్పు.

"మాట్లాడవేంది?"

"ఏం మాట్లాడాలె?"

"నిన్న జూసిన. బాత్రూంల పాలు పిండి మోరిల పోస్తున్నవ్. తల్లిపాలు ఎవలన్న మోరిల పోస్తరానే? చెట్టు మొదట్ల పోస్తరు. తొక్కుడుల పడద్దంటరు. గీ పిల్ల గుక్కవెట్టి ఏడుస్తాంటె నువ్వు లోపట గొళ్ళెం వెట్టుకొని మోరిల పోసినవ్. నువ్వేం తల్లివి?"

పాప తల్లి గొంతు విని మెడ తిప్పింది. రెండు చేతులు చాపింది. ఆ చేతులు చూడగానే భవిత రొమ్ములు సలిపాయి. జాకెట్ లోపల మడిచి పెట్టుకున్న గుడ్డ తడిసిపోయింది. ఆమె అక్కడే నిలబడింది. చేతులు చాపలేదు.

వరండా చివర ప్లాస్టిక్ కుర్చీలో మామ గౌరయ్య ఫోను చూసుకుంటున్నాడు. పొలం అంతా ప్లాట్లయిపోయాక ఆయనకు మిగిలిన పని మనుషులను కలవడం. ఈసారి కౌన్సిలర్ టికెట్టు ఆయనకే అని మేడ్చల్ నాయకులు మాటిచ్చారు.

"నిమ్మలంగ మాట్లాడుకోండ్రి," అన్నాడు ఫోను మీంచి కళ్ళు ఎత్తకుండా. "ఎదురింటోళ్ళు బయటనే ఉన్నరు."

"నువ్వుండయ్యా. ఇంటి పిల్లలు కడుపులనే పోతుంటె నీకు ఎదురింటోళ్ళ సోయి."

ఒక్క నిమిషం భవిత ఆ అబద్ధాన్ని చేతిలోకి తీసుకుని చూసుకుంది. అవును, తప్పిన, తీసేసుకుంటున్న. ఇంతే అంటే చాలు. తిడతారు. కొన్నాళ్ళు మాట్లాడరు. చుట్టుపక్కల కోడళ్ళలో సగం మంది చేసిన పాపం అది. కాలం గడిస్తే కడుక్కుపోతుంది. నిజం అలాంటిది కాదు.

కానీ డబ్బా ఇప్పటికే లింగం చేతిలో ఉండి ఉంటుంది. డబ్బా మీద మందు పేరు ఉంది. లింగం ఇరవై ఏళ్ళుగా మందులు అమ్ముతున్నాడు.

గదిలోకి పోయి భర్త బాలేష్‌కు ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. కట్ చేశాడు.

శామీర్‌పేటలో తాను నర్సుగా పనిచేసే హాస్పిటల్‌కు, ఇన్‌చార్జి సుశీల మేడంకు చేసింది.

"మేడం, డబ్బా పోయింది. ఇంట్ల దొరికిపోయింది. ఇంకొకటి కావాలె. ఇయ్యాల్టిది ఇంకా మింగలే."

"ఫోన్లో మాట్లాడకు," అంది సుశీల. ఫోను పెట్టేసింది.

మంచం మీద చీరల కుప్ప పక్కన కూర్చుంది భవిత. ఈ పదకొండు రోజులు ఎవరూ ఆమెను దూరం పెట్టలేదు. ఆమే పెట్టుకుంది. పాపకు పాలు మాన్పింది. భర్త పక్కన మంచం మీద పడుకోవడం మాని పాప పక్కన చాప వేసుకుంది. తన దువ్వెన, తన సబ్బు, తన గ్లాసు వేరు చేసింది. గ్లాసుతో, దువ్వెనతో ఆ రోగం అంటుకోదని ఆమెకు తెలుసు. ఎంతమంది రోగులకో ఆమే చెప్పింది. అయినా వేరు పెట్టింది. కూరగాయలు కోసేటప్పుడు వేలు తెగుతుందేమోనని వంకాయలను పామును పట్టుకున్నట్టు పట్టుకుంది. ఇంట్లో ఎవరూ గమనించలేదు. ఊరు వెలివేసే పనంతా ఊరికి శ్రమ లేకుండా ఒక్కతే చేసేసుకుంది.

మూడు వందల మందిలో ఒకరికి. అదీ ఆ రక్తంలో రోగం ఉంటేనే. నర్సింగ్ క్లాసులో రాసుకున్న అంకె. పరీక్షలో రెండు మార్కులు తెచ్చిన అంకె. వేలికి సూది దిగిన దగ్గర నుంచి ఆ మిగతా రెండు వందల తొంభై తొమ్మిది మంది ఎక్కడున్నారో ఆమెకు కనబడలేదు. ఆ ఒక్కతి మాత్రం అద్దంలో రోజూ కనబడుతోంది.

బండి చప్పుడైంది.

బాలేష్ గేటు లోపలికి వచ్చాడు కానీ బండి దిగలేదు. ఇంజను ఆపి అలాగే కూర్చున్నాడు. హెల్మెట్ కూడా తీయలేదు.

"ఏమన్నడురా లింగం?" రుక్కమ్మ మెట్ల దాకా వచ్చింది. "కడుపు మాత్రలేనా?"

"పాపను లోపటికి తీస్కపో అమ్మా."

"నేనడిగింది జెప్పు ముందుగల."

"తీస్కపో అన్న గదా."

కొడుకు గొంతు ఎప్పుడూ ఇలా లేదు. రుక్కమ్మ లోపలికి పోలేదు కానీ నోరు మూసుకుంది. బాలేష్ హెల్మెట్ తీసి అద్దానికి తగిలించాడు. వరండా మెట్టు ఎక్కకుండా కిందే నిలబడి, గుమ్మంలో ఉన్న భార్యతో మాట్లాడాడు.

"లింగం నన్ను దుకాణం ఎనుకకు పిలిచిండు. పదిహేనేండ్ల దోస్తు. ఎన్నడు ఎనుకకు పిలువలే. ఎవలియ్యి తమ్మీ అని అడిగిండు."

భవిత గుమ్మం పట్టుకుంది.

"తొవ్వల దొరికినయని జెప్పిన. నమ్మలే. డబ్బ నా చేతికియ్యకుంట కౌంటర్ మీద వెట్టి జరిపిండు. తర్వాత చెయ్యి కడుక్కున్నడు. నా ముంగటనే."

హైవే మీద లారీల మోత ఇంటి దాకా వస్తోంది.

"ఎవడు వాడు?" అడిగాడు బాలేష్.

"సూది," అంది భవిత. "ఎవడు గాదు. సూది."

"ఏం సూది?"

"మొన్నటి సోమారం గాదు, ఆ ముందటి సోమారం. క్యాజువాలిటీల ఉన్న. లారీ డ్రైవర్‌ను తెచ్చిండ్రు, నెత్తి పగిలి. ఊరు తెల్వదు, పేరు తెల్వదు. డాక్టర్ ఇంజక్షన్ జేసి సూదిని పరుపుల గుచ్చిండు. చెయ్యి ఖాళీ లేకుంటె అందరు గట్లనే గుచ్చుతరు, ఎనుకసిరి తీద్దామని. గాయన్ను సిటీకి పంపించినంక నేను దుప్పటి గుంజిన. గ్లౌజులకెళ్ళి దిగింది."

చూపుడు వేలు ఎత్తి చూపించింది. అక్కడ చూడటానికి ఏమీ లేదు. చిన్న చుక్క కూడా లేదు. అది ఇంకా అన్యాయంగా ఉంది. కాస్త మచ్చైనా మిగిలుంటే చూపించుకోవడానికి ఉండేది.

"గుచ్చుకున్న మూడొద్దుల లోపట మాత్రలు షురూ జెయ్యాలె. దాటితె మింగినా మింగకున్నా ఒకటే. నేను గా పూటనే షురూ జేసిన. రోగం వచ్చినందుకు గాదు, రాకుంట మింగుతున్న. ఆరు వారాలకు ఒక పరీక్ష, మూడు నెలలకు ఒక పరీక్ష. అప్పటిదాక ఏం జెప్పలేరు."

"పదకొండొద్దులు నోట్లె నాలిక లేదా నీకు?"

"జెప్తె నువ్వు గిప్పుడు నిలబడ్డంత దూరంల నిలబడ్తవని."

బాలేష్ కిందికి చూసుకున్నాడు. తన కాళ్ళకూ మెట్టుకూ మధ్య నాలుగు అడుగుల దూరం ఉంది. అది చూసుకున్నాడు కానీ ముందుకు జరగలేదు.

"దవాఖానల రాసుకున్నరా? బుక్కేదో ఉంటది గదా, గిసుంటియి అయితె రాసేది."

"రాయలే."

"ఎందుకు?"

"సుశీల మేడం వద్దన్నది. గా వారమే తనిఖీకి వస్తున్నరు, రాస్తె డాక్టర్ పేరు వస్తది అన్నది. మాత్రలు బిల్లు లేకుంట తనే తెచ్చి ఇచ్చింది. నేను సరే అన్న."

"నువ్వెందుకు సరే అన్నవ్?"

భవిత జవాబు వెతుక్కోలేదు. అది ఎప్పటి నుంచో గొంతులోనే ఉంది. "నా పేరు గా బుక్కుల ఉంటె నలుగురు జూస్తరని. భయమైంది."

గౌరయ్య ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇంతసేపట్లో మొదటిసారి లేచి నిలబడ్డాడు. "ఏం బీమారిరా?"

"పెద్ద రోగం మాత్రలు నాయినా, ఎయిడ్స్‌వి. రోగం లేదు. రాకుంట మింగుతున్నదంట."

అంట. భవితకు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. తను జరిగింది జరిగినట్టు చెప్పింది. అతను ఎవరో చెప్పుకుంటుంటే విన్నట్టు చెప్పాడు.

రుక్కమ్మ ముందు ఏమీ అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. "పిల్లకేం గాలేదు గదా?"

"గా పూట నుంచే పాలు ఇయ్యలే అత్తమ్మా. ఒక్క చుక్క ఇయ్యలే."

మోరీలో పోసిన పాలు గుర్తొచ్చి ఉంటాయి రుక్కమ్మకు. ఆమె పెదవులు కదిలాయి. ఏదో మంచి మాటే అనబోయినట్టుంది. కానీ ఆమె భుజం మాత్రం తనంతట తాను తిరిగింది. పాప తల్లికి కనబడకుండా అటు వైపుకు పోయింది. పాప ఆ భుజం మీంచి మెడ సాచి చూడబోయింది. రుక్కమ్మ అరచేత్తో ఆ చిన్న తలను మెల్లగా అదిమి పెట్టుకుంది.

"గీ ముచ్చట గేటు దాటద్దు," అన్నాడు గౌరయ్య. "లింగంతోని నేను మాట్లాడుత. బిడ్డా, నువ్వు నాలుగొద్దులు మీ అమ్మగారింటికి పోయి రా. అల్వాల్ ఎంత దూరం. నాలుగొద్దులంటె నాలుగొద్దులే."

"పాప?"

గౌరయ్య రుక్కమ్మను చూశాడు. రుక్కమ్మ బాలేష్‌ను చూసింది. బాలేష్ బండిని చూశాడు.

"డబ్బ ఇయ్యి," అంది భవిత చేయి చాపి. "తొమ్మిదిన్నర దాటింది. మింగి మాట్లాడుత."

"లేదు."

"లేదంటె?"

"తొవ్వల నాలాల పారేసిన. చేతుల వట్టుకుంటె ఎవలన్న జూస్తరని."

అప్పటిదాకా నిలబడే ఉన్న భవిత గుమ్మంలో కూలబడింది. ముప్పై మాత్రల డబ్బాలో ఇంకా మిగిలిన పందొమ్మిది మాత్రలు. రేపటిది, ఎల్లుండిది, ఆ తర్వాతవి అన్నీ మేడ్చల్ మురుగులో కొట్టుకుపోతున్నాయి. ఈ మనిషి భయపడ్డది రోగానికి కాదు. డబ్బాకు. డబ్బాను తన చేతిలో ఎవరైనా చూడటానికి.

ఆమె ఏడుస్తుందని ముగ్గురూ ఎదురు చూశారు. ఆమె లేచి తడిసిన జాకెట్ మీద కొంగు కప్పుకుంది. చెప్పులు వేసుకుంది.

"నడువు. శామీర్‌పేట పోదాం. నాకు మాత్ర కావాలె, నీకు కాయితం కావాలె. రెండు గాడనే ఉన్నయి. కాయితం జూపెడ్తె నమ్ముతవా?"

"ముందుగల జూపెట్టు," అన్నాడు బాలేష్.

బండి మీద ఇద్దరి మధ్య ఆమె బ్యాగు పెట్టుకుంది. అతను బ్యాగు తీయమనలేదు. మేడ్చల్ దాటి శామీర్‌పేట రోడ్డు పట్టాక గాలికి ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారాయి. గాలికే అని తనకు తాను చెప్పుకుంది. పెళ్ళైన కొత్తలో ఇదే రోడ్డు మీద చెరువు దాకా వచ్చి కట్ట మీద మొక్కజొన్న కంకులు తిని పోయేవాళ్ళు. ఇప్పుడు అతను గుంతల దగ్గర కూడా బండి నెమ్మది చేయడం లేదు. అయినా ఆమె భుజం పట్టుకోలేదు. సీటు వెనక ఇనుప కడ్డీ పట్టుకుంది.

హాస్పిటల్ కరీంనగర్ రోడ్డు మీద, టైల్స్ దుకాణం పైన మూడు అంతస్తులు. చేతులు ఎలా కడుక్కోవాలో మెట్ల పొడుగునా రంగు బొమ్మలున్నాయి. సూదులు వేయాల్సిన డబ్బా మాత్రం మొత్తం క్యాజువాలిటీకి ఒక్కటే, తలుపు వెనక, మంచానికి ఇరవై అడుగుల దూరాన.

సుశీల తన గదిలో ఉంది. యాభై దాటిన మనిషి. ఆమె కూడా వార్డులో పాతికేళ్ళు నిలబడి కాళ్ళ నరాలు ఉబ్బించుకున్నదే. బాలేష్‌ను చూసి ముఖం మార్చుకోకుండా కుర్చీ చూపించింది. ఫైళ్ళ వెనక నుంచి తెల్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. సీలు విప్పని డబ్బా.

భవిత ఊపిరి తీసుకుంది. డబ్బా కోసం చేయి చాచింది.

"ఉండు," అంది సుశీల. డబ్బా మీద చేయి పెట్టి, రెండో చేత్తో ఒక కాగితం ముందుకు జరిపింది. "ఇందులో ముప్పై ఉన్నయి. నీకు కావాల్సినదానికంటె ఎక్కువే. గిక్కడ సంతకం పెట్టి తీస్కపో."

కాగితం బాలేష్ అందుకున్నాడు. పైకే చదివాడు. "ఈ మాత్రలు నా సొంత అవసరం కొరకు తీసుకుంటున్నాను. నా డ్యూటీకి గాని, హాస్పిటల్‌కు గాని దీనితో ఎలాంటి సంబంధం లేదు."

ఇంకోసారి లోలోపల చదువుకున్నాడు. "సొంత అవసరమంటె ఏంది మేడం?"

"అది మీ ఆలుమొగల ముచ్చట. నాకెట్ల తెలుస్తది?"

బాలేష్ ముఖం నల్లబడింది. భవిత వైపు తిరిగిన ఆ చూపులో పొద్దున అడిగిన ప్రశ్నే మళ్ళీ ఉంది. ఎవడు వాడు.

"మేడం," అంది భవిత. "గా దినం నల్లా కింద నా చెయ్యి పట్టుకొని కడిగింది మీరే."

"నాకు యాదికి లేదు."

"పావుగంట కడిగిండ్రు. సబ్బు మీరే రాసిండ్రు. ఏం గాదు బిడ్డా అన్నరు."

"రోజుకు ఎన్ని చేతులు చూస్త నేను." సుశీల ఆమెను చూడకుండా ఫైలు కొసలు సరిచేసింది. "నేను నీకు అన్యాయం చేస్తున్ననా? బయట సర్కారు దవాఖానకు పో. ఎక్కడ గుచ్చుకుంది, ఎవరు పంపిండ్రు, కాయితమేది అంటరు. నేను అడగకుండ ఇస్తున్న. నా ఉద్యోగం గూడ నేను చూసుకోవాలె గదా. గిప్పుడు రాస్తె పదకొండు రోజులు ఎందుకు దాచినవని నన్నే అడుగుతరు."

సర్కారు దవాఖానలో నిజంగా అలా అడుగుతారో లేదో భవితకు తెలియదు. తెలిసిన వాళ్ళను అడగడానికి ఇన్ని రోజులూ ఆమెకు నోరే రాలేదు. ఫ్యాను గాలికి కాగితం లేస్తుంటే సుశీల దాని మీద పెన్ను పెట్టింది.

సంతకం పెడితే మాత్ర వస్తుంది. పాప పోతుంది. పెట్టకపోతే మాత్ర పోతుంది, పాపకు తల్లి ఉంటుందో లేదో మూడు నెలల దాకా తెలియదు. భవిత పెన్ను తీసుకుంది. బాలేష్ కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది. అతను లేచి తలుపు దాకా పోయాడు. ఇంక చూడాల్సింది ఏమీ లేదన్నట్టు.

తలుపు దగ్గర అతనికి దారి దొరకలేదు. ఆయమ్మ సత్తమ్మ నేల తుడిచే కర్ర పట్టుకుని అడ్డంగా నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు.

"నాకు యాదికున్నది మేడం," అంది.

"సత్తమ్మా, నువ్వు బయటికి పో."

"పోత. చెప్పి పోత. లారీ ఆయన వచ్చిన దినమే గదా. ఆయన్ను అంబులెన్సుల ఎక్కిచ్చినంక సిస్టరమ్మ దుప్పటి గుంజింది. అబ్బా అన్నది. దుప్పటి కింద పడేసి నల్లా కాడికి ఉరికింది. మీరు గూడ ఆమె ఎనుక ఉరికిండ్రు. అందరు ఉరికిండ్రు."

"చాలిగ, పో," అంది సుశీల.

"ఉండనియ్యి మేడం," అన్నాడు బాలేష్. "చెప్పనియ్యి."

అతను వెనక్కి వచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు. భార్య పక్కన, భుజం తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. పొద్దుటి నుంచి ఆమె కోరుకున్నది అదొక్కటే. కానీ భవిత అతన్ని చూడలేదు. ఆమె చూపు సత్తమ్మ చేతుల మీద ఉంది.

"సత్తవ్వా, గా దుప్పటి ఎవరు తీసిండ్రు?"

"ఎవలు తీస్తరు? నేనే మూటగట్టిన."

"సూది?"

"అండ్లనే ఉండె." సత్తమ్మ కర్రను గోడకు ఆనించి బొటనవేలు చూపించింది. ఫినాయిలు నీళ్ళకు చెక్కులు లేచిన వేలు. "గిక్కడ దిగింది. మస్తు లోపటికి దిగింది. ఇంత సున్నం రాసుకున్న. మాని పోయింది."

"ఎందుకు జెప్పలే?" అడిగింది భవిత.

"ఎవలికి జెప్పాలె బిడ్డా? అందరు నీ సుట్టు ఉంటిరి. నువ్వు ఏడుస్తుంటివి. సూది గుచ్చుకుంటె గంత లొల్లి ఎందుకనుకున్న. గుచ్చుకుంటనే ఉంటయి మాకు. చెత్త డబ్బలల్ల, దుప్పట్లల్ల. దానికి మాత్రలుంటయని నాకెవలు జెప్పిండ్రు?"

పదకొండు రోజులు. భవిత తన వేలు గురించి తలచుకోని గంట లేదు. ఆ దుప్పటి ఏమైందో ఒక్కసారి కూడా తలచుకోలేదు. ఆ రోజు సాయంత్రం ఇదే సత్తమ్మ ఆమెకు చాయ్ తెచ్చి ఇచ్చింది. బొటనవేలికి తెల్లటి సున్నం ఉండే ఉంటుంది. ఆమె చాయ్ తాగింది. వేలు చూడలేదు.

సుశీల చేయి డబ్బా మీంచి తనంతట తానే జారిపోయింది. ఆమె పెదవులు లెక్క పెడుతున్నట్టు కదిలాయి. మూడు రోజుల గడువు ఎప్పుడు దాటిపోయిందో ఆ గదిలో ఇద్దరికి తెలుసు. ఇప్పుడు మూడో మనిషికి, బాలేష్‌కు కూడా తెలుసు. పొద్దున వరండాలో భార్య నోట విన్నాడు.

ఒక్క సత్తమ్మకే తెలియదు. ఆమె భవిత ముఖం చూసి దగ్గరికి వచ్చింది.

"గట్ల జూస్తవేంది? నేను జెప్పిన గదా, మీ ఆయన నమ్మిండు. ఇగ ఏడ్వకు." బల్ల మీది తెల్ల డబ్బాను చూసింది. సుశీలను, బాలేష్‌ను, మళ్ళీ డబ్బాను చూసింది. "ముప్పై ఉన్నయంటిరి గదా అండ్ల. ఇద్దరికి సరిపోతయి. చెరి పదిహేను మింగుదాం."

తడి చేయి కొంగుకు తుడుచుకుని, భవిత ముందు అరచేయి చాపింది.